కర్చీఫ్ వేసిన సీటు ఖాళీనా? ఆఫీసు వాడకాన్ని వైర్‌లెస్ సెన్సర్లతో కొలవడం, మొదటి నుంచి చివరి దాకా

మా ఆఫీసులో మీటింగ్ రూములు నాలుగు. క్యాలెండర్ తెరిస్తే నాలుగూ పొద్దున పది నుంచి సాయంత్రం ఆరు దాకా బుక్ అయిపోయి ఉంటాయి, లేచి వెళ్లి అద్దంలోంచి చూస్తే రెండు ఖాళీ, మూడోదాంట్లో ఒకతను ఒక్కడే ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చుని ఉంటాడు, నిజంగా మాట్లాడుకోవాల్సిన నలుగురేమో ప్యాంట్రీలో వాటర్ క్యాన్ పక్కన నిలబడి మాట్లాడుకుంటుంటారు. అడ్మిన్ లెక్క ప్రకారం మాత్రం మాకు ఇంకో రెండు రూములు కావాలి, అందుకు పది సీట్లు తీసేయాలి.

ఈ గొడవ తేల్చడానికి మాదాపూర్‌లోని మా ఫ్లోర్‌లో 20 సీట్ల దగ్గర, 4 రూముల్లో కలిపి 24 సెన్సర్లు పెట్టి ఆరు వారాలు చూశాం. ఎలా చేశామో, ఎక్కడెక్కడ పప్పులో కాలేశామో అంతా రాస్తున్నా. మీది కో-వర్కింగ్ స్పేస్ అయినా, కాలేజీ ల్యాబ్ అయినా, లైబ్రరీ రీడింగ్ హాల్ అయినా పద్ధతి పెద్దగా మారదు. కొంచెం సోల్డరింగ్, కొంచెం కోడింగ్ వస్తే చాలు.

1. సెన్సర్ కొనేముందు ప్రశ్న రాసుకోండి

ఒక్క వాక్యంలో, కాగితం మీద రాయండి. "ఆఫీసు ఎలా వాడుతున్నారో చూద్దాం" అనేది ప్రశ్న కాదు, దానికి ఎన్ని సెన్సర్లు పెట్టినా జవాబు రాదు. "మంగళ, బుధ, గురువారాల్లో ఒకేసారి గరిష్ఠంగా ఎన్ని సీట్లు నిండుతున్నాయి?", "8 మంది పట్టే రూములో మామూలుగా ఎంతమంది కూర్చుంటున్నారు?" ఇలాంటివైతే ప్రశ్నలు. పక్కనే ఇంకో వాక్యం కూడా రాయండి: జవాబు ఇలా వస్తే ఏం మారుస్తాం, అలా వస్తే ఏం మారుస్తాం అని. రెండిట్లోనూ ఏమీ మారదంటే ఈ పని మొదలుపెట్టకండి, డబ్బు మిగులుతుంది.

అడిగేవన్నీ చివరికి మూడు రకాల్లోకి వస్తాయి. ఈ సీట్లో మనిషి ఉన్నాడా? ఈ రూములో ఎంతమంది ఉన్నారు? ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారు? మొదటిది తేలిక, రెండోది కాస్త కష్టం. మూడోది టెక్నాలజీ పరంగా కూడా కష్టమే, దాన్ని మించిన తలనొప్పి మనుషులతో వస్తుంది. మొదటిసారి చేస్తున్నవాళ్లు మొదటి రెండిటితో ఆగిపోవడం మంచిది.

2. అందరికీ చెప్పండి, బల్ల కింద ఏదైనా అంటించకముందే

2016 జనవరిలో లండన్‌లోని ఒక పెద్ద దినపత్రిక ఆఫీసులో ఉద్యోగులు సోమవారం పొద్దున వచ్చి చూస్తే బల్లల కింద చిన్న చిన్న పెట్టెలు కనిపించాయి. వేడిని, కదలికని బట్టి సీట్లో మనిషి ఉన్నాడో లేడో చెప్పే సెన్సర్లవి. కరెంటు, ఏసీ ఖర్చు తగ్గించడానికని యాజమాన్యం చెప్పింది. ఎవరు వింటారు? గోల గోలై ఆ రోజే తీసేయాల్సొచ్చింది. వాటిలో కెమెరా లేదు, మైకు లేదు, అయినా ముందు చెప్పకపోయేసరికి అవి నిఘా పెట్టెలైపోయాయి.

మన దగ్గర 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఉంది. మనిషిని గుర్తుపట్టే డేటా అయితే అది వర్తిస్తుంది. మీ సీట్లు ఎవరికి వాళ్లకి కేటాయించినవైతే "సీటు నంబర్ 14" అన్నా అది ఫలానా మనిషే కదా, కాబట్టి పేరు రాయలేదు గనక పర్లేదు అనుకోకండి. సమ్మతి అడిగే కాగితాన్ని ఇంగ్లీషులో గానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషల్లో గానీ చదువుకునే వీలు ఇవ్వాలని ఆ చట్టంలో ఉంది, తెలుగు ఆ షెడ్యూలులో ఉంది. మేం ఒక పేజీ నోటీసు రెండు భాషల్లోనూ తీసి ప్యాంట్రీలో, లిఫ్ట్ దగ్గర అంటించాం. ఎందుకంటే ఆ ఫ్లోర్‌లో తిరిగేది ఇంజినీర్లు ఒక్కళ్లే కాదు. పొద్దున ఏడింటికి బల్లలు తుడిచే హౌస్‌కీపింగ్ అక్కలు, రాత్రి తిరిగే సెక్యూరిటీ అన్న, వీళ్లందరి కదలికలూ ఆ డేటాలో పడతాయి. వాళ్లని కూర్చోబెట్టి చెప్పడం నాకు మొదట తట్టలేదు. ఒక అక్కే వచ్చి "ఇది మా పని చూడడానికా సార్?" అని అడిగింది.

నోటీసులో ఉండాల్సినవి: ఏం కొలుస్తున్నాం, ఏం కొలవడం లేదు, డేటా ఎవరు చూస్తారు, హెచ్‌ఆర్ చేతికి వెళ్తుందా లేదా, ఏ తేదీన సెన్సర్లు తీసేస్తాం, ఏ తేదీన డేటా చెరిపేస్తాం, నా సీటు దగ్గర వద్దంటే ఎవరికి చెప్పాలి. ఇద్దరు వద్దన్నారు, వాళ్ల సీట్లు వదిలేసి వేరేవి తీసుకున్నాం.

3. ఏ సెన్సర్?

ఇక్కడ కాస్త ఓపిగ్గా చదవండి, సగం ప్రాజెక్టులు ఇక్కడే చెడతాయి.

పీఐఆర్: ఆఫీసు వాష్‌రూముల్లో మనిషి కదలకపోతే లైటు ఆరిపోతుంది చూడండి, అదే. ఒంటి వేడి ఒక చోటు నుంచి ఇంకో చోటికి జరిగితే పట్టుకుంటుంది. చవక, కరెంటు చాలా తక్కువ తాగుతుంది. కానీ స్క్రీన్ వైపు చూస్తూ పది నిమిషాలు కదలకుండా కోడ్ చదివే మనిషి దీని లెక్కలో లేనట్టే. రూములోకి ఎవరైనా వచ్చారా అన్నదానికి సరిపోతుంది, సీటుకి పనికిరాదు.

మిల్లీమీటర్ వేవ్ రాడార్: నా ఓటు దీనికే. ఎల్‌డీ2410 అనే చిన్న మాడ్యూల్ 24 గిగాహెర్ట్జ్‌లో పనిచేస్తుంది, కదలకుండా కూర్చున్న మనిషి ఛాతీ ఊపిరికి లేచి దిగడం కూడా దానికి తెలుస్తుంది. దూరాన్ని 75 సెంటీమీటర్ల చొప్పున గేట్లుగా విడగొట్టి ఏ గేటులో ఎంత సున్నితంగా ఉండాలో విడివిడిగా సెట్ చేసుకోనిస్తుంది. లోపాలు కూడా చెప్పాలి. తిరిగే ఫ్యాను, ఏసీ గాలికి ఊగే కర్టెన్ దానికి మనుషుల్లాగే కనిపించొచ్చు. జిప్సం పార్టిషన్ లోంచి సులువుగా దూసుకుపోతుంది, అవతలి గదిలో వాళ్లని కూడా లెక్కేస్తుంది. ఇనప బల్ల మాత్రం దాటలేదు.

బ్లూటూత్ బీకన్లు: చిన్న ట్యాగ్ ప్రతి సెకనుకో రెండు సెకన్లకో నేనున్నానంటూ కేకేస్తుంటుంది, ఆ కేక ఎంత గట్టిగా వినబడిందో బట్టి దూరం అంచనా వేస్తాం. అంచనా అన్న మాటని గుర్తుపెట్టుకోండి. 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలని నీళ్లు బాగా మింగేస్తాయి, మన ఒంట్లో ఉన్నది ఎక్కువగా నీళ్లే. ట్యాగ్ జేబులో పెట్టుకున్న మనిషి ఇటు తిరిగితే ఒక మీటరు, అటు తిరిగితే నాలుగు మీటర్లు అని చూపిస్తుంది, అతను అడుగు కూడా కదలకపోయినా.

అల్ట్రావైడ్‌బ్యాండ్: ఇది కేక బలాన్ని కాక ప్రయాణించిన సమయాన్ని కొలుస్తుంది. కాంతి ఒక నానోసెకనులో 30 సెంటీమీటర్లు వెళ్తుంది, కాబట్టి సమయం అంత సూక్ష్మంగా కొలిస్తే దూరం 10 నుంచి 30 సెంటీమీటర్ల తేడాలో తెలిసిపోతుంది. ఖరీదు ఎక్కువ, మనుషులు ట్యాగ్ వేసుకోవాలి, గోడలకి నాలుగైదు యాంకర్లు (ట్యాగులతో మాట్లాడే స్థిరమైన పెట్టెలు) బిగించాలి. సీట్ల లెక్కకి ఇది పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం.

వైఫై లెక్క: రౌటర్‌కి ఎన్ని ఫోన్లు కనెక్ట్ అయ్యాయో చూసి మనుషుల్ని లెక్కపెడదాం అని ప్రతి ఆఫీసులో ఎవరో ఒకరు అంటారు. ఒక్కొక్కరి దగ్గర ఫోను, ల్యాప్‌టాప్, వాచీ. పైగా ఆండ్రాయిడ్ 10 నుంచి ఫోన్లు మామూలుగానే ఒక్కో నెట్‌వర్కుకి ఒక్కో ఉత్తుత్తి అడ్రసు చూపిస్తాయి, ఐఫోన్లు కూడా అంతే. ఫ్లోర్ మొత్తం మీద పొద్దున్నకీ సాయంత్రానికీ తేడా చూడటానికైతే సరే. వైఫై తరంగం మనిషికి తగిలి ఎలా మారిందో చూసి పసిగట్టే పద్ధతి కూడా ఉంది, పరిశోధనగా భలే ఉంటుంది, కానీ ఎవరో అల్మారా జరిపితే మళ్లీ మొదటికొస్తుంది.

4. పెట్టె తయారీ

ఒక ఈఎస్‌పీ32 బోర్డు (వైఫై ఉన్న చిన్న కంట్రోలర్ బోర్డు), ఒక ఎల్‌డీ2410. రెండూ కలిపి వెయ్యి రూపాయల లోపే వస్తాయి. రాడార్‌కి 5 వోల్టులు, గ్రౌండ్ ఇవ్వండి, రాడార్ టీఎక్స్‌ని (పంపే పిన్ను) బోర్డు ఆర్ఎక్స్‌కి (అందుకునే పిన్ను), రాడార్ ఆర్ఎక్స్‌ని బోర్డు టీఎక్స్‌కి కలపండి. సీరియల్ వేగం 256000, మామూలుగా అలవాటైన 115200 పెట్టి ఏమీ రావట్లేదని నేను ఒక సాయంత్రమంతా తల పట్టుకున్నా. కోడ్ మొత్తం రాయక్కర్లేదు, ఈ బోర్డుల కోసమే ఉన్న ఈఎస్‌పీహోమ్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఈ రాడార్‌కి సపోర్ట్ రెడీగా ఉంది. బ్లూటూత్ ఉన్న రకం కొంటే గేట్ల సెట్టింగు ఫోన్ యాప్‌లోనే చేసుకోవచ్చు.

సీటు పెట్టెకి మొదటి రెండు గేట్లే ఉంచండి, అంటే ఒకటిన్నర మీటరు. అంతకు మించితే వెనక దారిలో నడిచేవాళ్లు, ఎదురు సీటువాళ్లు కూడా లెక్కలోకి వస్తారు. బల్ల కింద, కూర్చున్న మనిషి పొట్ట వైపు చూసేలా కొంచెం పైకి వంచి పెట్టండి. ప్లాస్టిక్ డబ్బాలో పెడితే ఇబ్బంది లేదు. డబుల్ సైడ్ టేపుని నమ్మకండి. రెండో వారంలో మావి ఏడు ఊడిపడ్డాయి, పడినవి నేలని చూస్తూ "ఖాళీ, ఖాళీ" అని పంపుతూనే ఉన్నాయి. బల్ల ఫ్రేముకి కేబుల్ టైతో కట్టేయండి.

పవర్ సంగతి. రాడార్, వైఫై కలిపి దాదాపు 150 నుంచి 200 మిల్లీయాంపులు లాగుతాయి, 10000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు రెండు రోజులు కూడా రాదు. కాబట్టి ప్లగ్ పాయింటు దొరికే చోటే పెట్టాలి, ఎక్స్‌టెన్షన్ బాక్సులో ఒక రంధ్రం మీకోసం అడిగి తీసుకోవాలి, అది ఎవరి ఫోన్ చార్జర్ స్థానమో ముందే తెలుసుకోవాలి. లేదంటే మధ్యాహ్నం మూడింటికి మీ సెన్సర్ పీకేసి ఫోన్ పెడతారు, న్యాయంగానే.

5. డేటా దారి

ఆఫీసు వైఫైలో ఇవి పెట్టడానికి ఐటీ వాళ్లు ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడమే కరెక్టు. ఒక పాత రౌటర్, ఒక రాస్ప్‌బెర్రీ పై (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్), ఇంటర్నెట్‌తో సంబంధం లేని విడి నెట్‌వర్క్. ఆ రాస్ప్‌బెర్రీ పై మీద సెన్సర్ల సందేశాలు అందుకుని అందించే మస్కిటో (ఎంక్యూటీటీ బ్రోకర్ అంటారు), వాటిని టైముతో సహా దాచే డేటాబేసు ఇన్‌ఫ్లక్స్‌డీబీ, గ్రాఫులుగా చూడటానికి గ్రఫానా. ఇవన్నీ ఉచితమే. ఇంత హంగు వద్దంటే ఒక సీఎస్‌వీ ఫైలులో వరసగా రాయించుకున్నా సరిపోతుంది.

రెండు విషయాలు మాత్రం తప్పనిసరి. ఒకటి, స్థితి మారినప్పుడు మాత్రమే పంపితే సరిపోదు, ప్రతి నిమిషం "బతికే ఉన్నా" అని ఒక సంకేతం పంపించాలి. అది లేకపోతే చచ్చిపోయిన సెన్సరుకీ ఖాళీ సీటుకీ తేడా తెలియదు, మీ రిపోర్టులో ప్లగ్ ఊడిన సీట్లన్నీ "ఎవరూ వాడని సీట్లు" అయిపోతాయి, వాటినే తీసేయమంటారు. రెండు, టైము. ఇంటర్నెట్ లేదు కాబట్టి బోర్డులకి టైము రాస్ప్‌బెర్రీ పై నుంచే ఇవ్వాలి, అందుకు దానికి ఒక చిన్న గడియారం మాడ్యూల్ తగిలించండి. డేటాబేసు టైముని యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) దాస్తుంది, మనది ఐదున్నర గంటలు ముందు. మా మొదటి గ్రాఫులో జనం తెల్లవారుజామున 4 గంటలకే ఆఫీసుకి వచ్చేశారు. మేనేజరు ఒక్క క్షణం సంతోషపడ్డాడు కూడా.

6. నోటుబుక్కు పట్టుకుని తిరగండి

అందరూ ఎగ్గొట్టేది ఇదే. సెన్సర్ చెప్పింది నిజమో కాదో తేలాలంటే కళ్లతో చూసి రాయాలి. 20 సీట్లని రోజుకి ఐదు సార్లు, రెండు రోజులు చుట్టి రండి, 200 పరిశీలనలు వస్తాయి. ప్రతిసారీ టైము, సీటు నంబరు, ఉన్నారా లేదా. తర్వాత సెన్సర్ డేటాతో పక్కపక్కన పెట్టి నాలుగు గడుల పట్టిక వేయండి: ఉంటే ఉన్నారంది, ఉంటే లేరంది, లేకపోతే ఉన్నారంది, లేకపోతే లేరంది. "మొత్తం ఇంత శాతం కరెక్ట్" అన్న ఒక్క అంకెతో సరిపెట్టుకోకండి. సీట్లు వందకి నలభై మాత్రమే నిండే ఆఫీసులో, ప్రతి సీటూ ఎప్పుడూ ఖాళీయే అని చెప్పే చెడిపోయిన సెన్సర్ కూడా 60 శాతం కరెక్టే.

ఇలా తిరుగుతున్నప్పుడే నాకు అసలు చిక్కు అర్థమైంది. సీటు నంబర్ 9లో మనిషి లేడు, కానీ బల్ల మీద ల్యాప్‌టాప్ బ్యాగు, కుర్చీ మీద స్వెట్టరు. దీన్ని ఏమని రాయాలి? ఆర్టీసీ బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి కర్చీఫ్ వేస్తాం కదా, తర్వాత ఎక్కినవాడు ఆ సీటు ఖాళీ అనుకుంటే ఎంత గొడవ! రాడార్‌కి కర్చీఫ్ కనబడదు. దాని దృష్టిలో అది ఖాళీ సీటు, ఆఫీసులో ఇంకెవరి దృష్టిలోనూ కాదు. అందుకని నోటుబుక్కులో మూడు గుర్తులు పెట్టుకున్నాం: మనిషి, వస్తువు, ఖాళీ. అక్కడ తేలిందేంటంటే మధ్యాహ్నం రెండున్నర ప్రాంతంలో సెన్సర్ "ఖాళీ" అన్న సీట్లలో సగానికి పైగా కర్చీఫ్ సీట్లే. ఈ లెక్క లేకుండా రిపోర్టు ఇచ్చి ఉంటే పది సీట్లు పోయేవి, మర్నాడు పదిమంది నిలబడేవాళ్లు.

మొదటి వారం డేటా పక్కన పెట్టేయండి. ఎవరో కొలుస్తున్నారని తెలిస్తే మనుషులు వేరేగా ఉంటారు. 1924 నుంచి 1932 దాకా షికాగో దగ్గర హాథార్న్ ఫ్యాక్టరీలో జరిగిన అధ్యయనాల పేరు మీదే దానికి ఒక పేరు కూడా పడింది. మా దగ్గర మొదటి మూడు రోజులూ అందరూ బల్ల కిందకి వంగి పెట్టెకి చెయ్యి ఊపారు.

7. రూముల్లో తలలు లెక్కపెట్టడం

సీటు రాడార్ మనిషి ఉన్నాడా అన్నదే చెబుతుంది, ఎంతమందో చెప్పదు. దాని తమ్ముడు ఎల్‌డీ2450 ముగ్గురి దాకా విడివిడిగా చూపిస్తుంది, నలుగురు పట్టే చిన్న రూముకి దాదాపు సరిపోతుంది. పెద్ద రూముకి మేం కార్బన్ డయాక్సైడ్ సెన్సర్ జోడించాం. బయటి గాలిలో సుమారు 420 పీపీఎం (పది లక్షల్లో 420 వంతులు) ఉంటుంది, తలుపు మూసి ఎనిమిదిమంది కూర్చుంటే చకచకా పెరుగుతుంది, ఇద్దరు కూర్చుంటే మెల్లగా. ఖచ్చితమైన సంఖ్య రాదు, ఆలస్యంగా కదులుతుంది, తలుపు తెరిచి ఉంచితే అంతా గందరగోళం. కానీ "ఇద్దరా, ఎనిమిదిమందా" అన్న ప్రశ్నకి చాలు, మా ప్రశ్న కూడా అదే. దీన్ని క్యాలెండర్ బుకింగులతో కలిపి చూస్తే బుక్ చేసి రానివాళ్లు, వచ్చి పావుగంటలో వెళ్లిపోయినవాళ్లు బయటపడతారు. పేర్లు తీసేసి కలపండి.

8. ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారు

ఇది చేయాలనుకుంటే ముందు పాతవాళ్లు ఏం చేశారో తెలుసుకోవాలి. కేంబ్రిడ్జిలోని ఒలివెట్టి రీసెర్చ్ ల్యాబ్‌లో 1990ల మొదట్లో యాక్టివ్ బ్యాడ్జి అని ఒకటి వాడారు, 15 సెకన్లకోసారి ఇన్‌ఫ్రారెడ్‌లో తన గుర్తు పంపేది. మనిషి ఏ గదిలో ఉంటే ఆ గది ఫోనుకి కాల్ కలపడం దాని పని. తర్వాత సోషియోప్యాటర్న్స్ అనే బృందం ఛాతీ మీద వేసుకునే రేడియో ట్యాగులు వాడింది. ఇందాక ఒళ్లు తరంగాన్ని మింగేస్తుందని విసుక్కున్నాం కదా, వాళ్లు దాన్నే పనికొచ్చేలా మార్చుకున్నారు. ట్యాగు శక్తి తగ్గించి ఛాతీ మీద పెడితే ఇద్దరూ మీటరు, మీటరున్నర దూరంలో ఎదురెదురుగా ఉన్నప్పుడే ఒకదానికొకటి వినబడతాయి, వీపు తిప్పితే వినబడవు. 20 సెకన్ల ముక్కలుగా లెక్క. 2013లో ఫ్రాన్స్‌లోని ఒక ప్రభుత్వ ఆరోగ్య సంస్థ ఆఫీసులో ఇలా తీసిన డేటా అందరికీ అందుబాటులో ఉంది, మీ కోడ్‌ని ముందు దాని మీద ప్రయత్నించండి.

ఇంకో అధ్యయనం ఈతన్ బర్న్‌స్టీన్, స్టీఫెన్ టర్బన్‌లది, 2018లో వచ్చింది. రెండు పెద్ద కంపెనీలు గోడలు తీసేసి ఓపెన్ ఆఫీసుకి మారినప్పుడు ముందూ తర్వాతా బ్యాడ్జిలతో కొలిస్తే, ఎదురెదురు మాటలు సుమారు 70 శాతం తగ్గాయి, ఈమెయిళ్లు పెరిగాయి. గోడలు తీస్తే మాటలు పెరుగుతాయని చెప్పే ప్రతి ఇంటీరియర్ డిజైనర్‌కీ ఇది చూపించాలనిపిస్తుంది నాకు.

మీరు చేస్తే ఫోన్లతో చేయకండి, వెనక జేబులో ఒకరిది, హ్యాండ్‌బ్యాగులో ఒకరిది. మెడలో ఐడీ కార్డుతో పాటు వేలాడే బీకన్లే వాడండి, అవి ఒకదాన్నొకటి వినగలిగే రకం కావాలి. ముందు ఇద్దరిని మీటరు దూరంలో ఎదురెదురుగా, తర్వాత పక్కపక్కన, తర్వాత వీపు వీపుకి ఐదేసి నిమిషాలు నిలబెట్టి సిగ్నల్ అంకెలు రాసుకుని హద్దు ఎక్కడ పెట్టాలో తేల్చుకోండి. ఫలితాలు టీముల స్థాయిలోనే ఇవ్వండి, ఐదుగురి కంటే తక్కువున్న టీమును చూపించకండి. ముప్పైమంది ఉన్న ఆఫీసులో అసలు చేయకండి, మనుషుల్ని చుక్కలుగా, మాటల్ని గీతలుగా వేసిన బొమ్మ చూసి ఎవరు ఎవరో అటెండర్ కూడా చెప్పేస్తాడు.

9. లెక్కలు

డేటాని ఐదు నిమిషాల ముక్కలుగా చేయండి. అలా చేసేముందే మూడు నిమిషాల లోపు ఖాళీలని పూడ్చేయండి, అది వంగి పెన్ను తీసుకోవడమో ప్రింటర్ దాకా వెళ్లడమో అయ్యుంటుంది. సగటుతో నిర్ణయాలు వద్దు. 20 సీట్లలో సగటున 9 నిండాయంటే వినడానికి బాగుంటుంది, మంగళవారం పదకొండున్నరకి 17 నిండాయన్నది సీట్లు తీసేయాలా వద్దా అన్నదానికి జవాబు.

కనీసం నాలుగు వారాలు నడపండి, సంక్రాంతి, దసరా వారాలు తగలకుండా చూసుకోండి. ఒక డైరీ పెట్టి ఆ రోజు ఏం జరిగిందో రాయండి. ఒక బుధవారం మా ఫ్లోర్ బోసిపోయింది, గ్రాఫు చూసి ఏవేవో సిద్ధాంతాలు చెప్పుకున్నాం, డైరీలో చూస్తే పొద్దుటి నుంచి కుండపోత వాన.

గ్రాఫులు సిద్ధమయ్యాక అందరికీ చూపించి అడగండి. కిటికీ పక్క సీటు, నగరం కనిపించే మంచి చోటు, ఆరు వారాల్లో ఎవరూ అరగంటకి మించి కూర్చోలేదు. ఎందుకో ఏ సెన్సరూ చెప్పలేదు. "అక్కడ ఏసీ నేరుగా నెత్తిన కొడుతుందన్నా" అని ఒకమ్మాయి చెప్పింది. గాలి మళ్లించే ప్లాస్టిక్ రేకు ఒకటి పెట్టించాం. రూముల సంగతికొస్తే కొత్తవి కట్టలేదు, పెద్దదాన్ని మధ్యలో విడగొట్టారు, పది నిమిషాల్లో ఎవరూ రాకపోతే బుకింగ్ రద్దయ్యేలా పెట్టారు.

10. తీసేయడం

నోటీసులో రాసిన తేదీకే తీసేయండి, ఇంకో వారం చూద్దాం అనిపిస్తుంది, వద్దు. పెట్టెల మీద ముందే నంబర్లు రాసుకుని ఉంటే లెక్క తేలిక. మేం 24 పెడితే 23 తిరిగొచ్చాయి, ఎవరి ఇంటికో వెళ్లిపోయి ఉంటుందిలే అనుకుని రౌటర్ కట్టేశాం. మూడు నెలల తర్వాత హౌస్‌కీపింగ్ అక్క పెద్ద రూములో బల్ల అడుగున దాన్ని చూసి తెచ్చిచ్చింది, ప్లగ్‌లోనే ఉందట, లైటు వెలుగుతోందట. కాబట్టి రౌటర్‌ని అన్నిటికంటే చివర తీయండి. పెట్టెలన్నీ పీకేశాక ఒక గంట ఆగి, ఏ నంబరైనా ఇంకా పలుకుతోందేమో చూసి, అప్పుడు కట్టేయండి.